చద్ది వార్తే బలం

పొద్దున్నే టీకొట్టు దగ్గర ఎవరైనా "చూశావా?" అని అడిగితే "లేదు" అని చెప్పండి. నిజంగానే చూడకుండా వెళ్ళండి. రాత్రి హత్య జరిగిందనీ, మ్యాచ్ పోయిందనీ, కొత్త సినిమాకి టాక్ బాగాలేదనీ ఊరందరికీ తెలిసి మీ ఒక్కరికే తెలియకపోతే సిగ్గుపడకండి. లోకజ్ఞానం లేనివాడంటారు. అననివ్వండి.

ఇది తిరగేసిన సలహా అని నాకు తెలుసు. వార్త పుట్టిన నిమిషంలోనే తెలుసుకోవాలి, తెలుసుకున్న నిమిషంలోనే ఏదో ఒకటి అనాలి అన్నది ఇప్పటి ఇంగితం. నేను మా అమ్మ పద్ధతి చెబుతున్నాను. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలూ పచ్చిమిరపకాయా వేసి మూత పెట్టేది. పొద్దున తింటే మధ్యాహ్నం దాకా ఆకలేసేది కాదు. వార్తని కూడా అలాగే మూతపెట్టి ఉంచండి. ఒక రాత్రి చాలదు. కొన్నింటికి ఏళ్ళు పడుతుంది.

ఈ మాట నాకు ఊరికే తట్టలేదు. 2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారు. నెలల తరబడి ఆ ప్రాంతమంతా ఉడికిపోయింది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ దగ్గరి పల్లెటూరి కుర్రవాణ్ణి పట్టుకున్నారు. అతన్ని టీవీలో చూపించినప్పుడు నేను విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర టీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టకుండానే "వీడే" అన్నాను. పక్కనున్నాయన "మొహం చూస్తేనే తెలుస్తోంది" అన్నాడు. నేను తలూపాను.

చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే మొదటినుంచీ ఇతను కాదు, ఇతను కాదు అని చెబుతూ వచ్చారు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు చెప్పినా నా చెవికెక్కలేదు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళు దాటింది. నా "వీడే" అన్న మాట వల్ల అతను జైలుకు వెళ్ళలేదు, నిజమే. కానీ అలాంటి మాట ఆ రోజు ఎన్ని టీకొట్ల దగ్గర, ఎన్ని బస్సుల్లో, ఎన్ని వంటిళ్ళలో పుట్టిందో తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మాటలన్నీ కలిసే కదా, దొరికినవాడితో సరిపెట్టుకునే ధైర్యం ఒక వ్యవస్థకి ఇచ్చేది.

అందుకని నేరాల కోసం ఒక నోటుపుస్తకం కొనండి. రెండువందల పేజీలది, గట్టి అట్టది. ఎడమ పేజీలో తేదీ వేసి, ఆ రోజు టీవీ ఏం చెప్పిందో, మీకేమనిపించిందో రాయండి. మీ నోటివెంట రాబోయిన మాటను అక్కడ దించేయండి, బయట అనకండి. కుడి పేజీ ఖాళీగా వదిలేయండి. దాన్ని ఎప్పుడు తెరవాలో కూడా చెబుతాను. పెద్ద నేరాల్లో నిందితుడు కస్టడీలో ఉంటే పోలీసులు 90 రోజుల్లోగా చార్జిషీటు వేయాలి, చిన్నవాటిలో 60 రోజుల్లోగా. వేయకపోతే అతనికి బెయిలు హక్కుగా వస్తుంది. చట్టమే పోలీసులకు మూడు నెలల గడువిచ్చినప్పుడు మనకు మూడు నిమిషాలు ఎందుకు సరిపోవాలి? తొంభయ్యో రోజు దాకా ఎవరినీ హంతకుడనకండి. ఆ తర్వాత కూడా నిందితుడనే అనండి. తీర్పు వచ్చేదాకా ఆ పదం మార్చకండి.

ఇంట్లో గొడవ వస్తుంది. మా అక్క నాతో రెండు వారాలు మాట్లాడలేదు. "మనింటి ఆడపిల్లకి జరిగితే ఇలాగే నోటుపుస్తకం రాస్తూ కూర్చుంటావురా?" అని అడిగింది. అది 2019 చివర. శంషాబాద్ దగ్గర నవంబరు 27 రాత్రి ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో కాల్చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ అదే చోట పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అక్కడ పోలీసుల మీద జనం పూలు చల్లారు. మా వీధిలో మిఠాయి పంచారు. అప్పటికి నా పుస్తకానికి రెండేళ్ళ పైనే అయింది. అయినా నేనూ చెయ్యి చాపి ఒక ముక్క తీసుకున్నాను.

ఆ కేసుకి నా కుడి పేజీ 2022 మే నెలలో నిండింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక అప్పుడు బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కమిషన్ తేల్చింది. వాళ్ళు దోషులా కాదా అని ఇక ఏ కోర్టూ తేల్చలేదు. నేను తిన్న మిఠాయి దానికే.

మా అక్క అడిగినదానికి నా జవాబు ఇది. కోపం వద్దనడం లేదక్కా, కోపాన్ని పనికొచ్చే చోట పెట్టమంటున్నాను. నవంబరు 27 రాత్రి ఆ పశువైద్యురాలి ఇంటివాళ్ళు ఫిర్యాదు చేయడానికి వెళితే ఇది మా స్టేషన్ పరిధి కాదంటూ కాలం గడిపారని చెప్పుకున్నారు. ఆ ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా. డిసెంబరు 6న మా వీధిలో ఇంతమంది గుమిగూడితే ఆ ఆలస్యం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. వేడిలో మనం మర్చిపోయేది సరిగ్గా అలాంటిదే. కాబట్టి అత్యాచారం వార్త విన్న రోజు స్టేటస్ పెట్టకండి, ఉరి తీయాలని రాయకండి. ఇంట్లో ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కూర్చోబెట్టి జీరో ఎఫ్‌ఐఆర్ అంటే ఏమిటో చెప్పండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకుని తీరాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. అత్యవసరంలో పిలవాల్సిన 112 నంబరు వాళ్ళచేత ఒకసారి పైకి చెప్పించండి. ఇంకొకటి, ఆ అమ్మాయి పేరేమిటి, ఫొటో ఎలా ఉంది అని వెతకకండి. పేరు బయటపెట్టడం నేరమని చట్టంలో ఉన్నా ఆ వారం ఆ పశువైద్యురాలి మొహం చేరని ఫోను లేదు. మీ ఫోనుకి వస్తే చెరిపేయండి. పంపినది సొంత బాబాయి అయినా సరే, "బాబాయ్, ఇది పంపకూడదు" అని చెప్పండి. నొచ్చుకుంటాడు. నొచ్చుకోనివ్వండి.

ఆటల దగ్గరికి వస్తాను. ఇక్కడ నా సలహా ఇంకా తలకిందులుగా ఉంటుంది: ఫలితం తెలిశాక మ్యాచ్ చూడండి. ఓడిన మ్యాచ్ అయితే తప్పకుండా చూడండి. గెలుస్తామో ఓడతామో అన్న ఉత్కంఠే ఆటకి ప్రాణం అంటారు. నేను ఒప్పుకోను. ఉత్కంఠలో ఆట కనపడదు, మన గుండె చప్పుడు మాత్రమే వినపడుతుంది.

2025 జులై 14న ఇంగ్లండ్‌తో లార్డ్స్ టెస్టులో ఆఖరి వికెట్టు చూడండి. మన హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ 30 బంతులు కాచుకున్నాడు. బషీర్ వేసిన బంతిని బ్యాటు మధ్యలోనే ఆపాడు. ఆ బంతి నేల మీద పడి, మెల్లగా వెనక్కి దొర్లి, స్టంపును తాకింది. 22 పరుగులతో ఓడాం. ఆ రాత్రి మా ఇంట్లో మా అబ్బాయి "కాలితో తన్నేస్తే పోయేది కదా నాన్నా" అని అరిచాడు. ఆగస్టు 3న ఓవల్‌లో హ్యారీ బ్రూక్ 19 మీదున్నప్పుడు సిరాజ్ క్యాచ్ పట్టి, బౌండరీ తాడు మీద అడుగేశాడు. క్యాచ్ కాస్తా సిక్సరైంది. బ్రూక్ 111 కొట్టాడు. ఆ సాయంత్రం ఫోన్లలో సిరాజ్‌ని ఎన్నేసి మాటలన్నారో చెప్పనక్కరలేదు. మర్నాడు అదే సిరాజ్ అట్కిన్సన్ స్టంపులు ఎగరగొట్టాడు. ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు. 6 పరుగులతో గెలిచాం, సిరీస్ 2-2. ముందురోజు తిట్టినవాళ్ళే మర్నాడు పొగిడారు. ఆదివారం నోరు మూసుకుని సోమవారం దాకా ఆగినవాళ్ళకి పశ్చాత్తాపం అక్కరలేకపోయింది.

నాకు ఆ రెండు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చూడటం ఇష్టం. దొర్లుతున్న బంతి వైపు అతను తిరిగేలోపే అంతా అయిపోవడం, ఆ తర్వాత అక్కడే మోకాళ్ళ మీద కూలబడిపోవడం. ఆటో నడిపి పెంచిన తండ్రి 2020 నవంబరులో చనిపోతే ఆస్ట్రేలియా నుంచి ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయిన మనిషి అతను. ఇవన్నీ ఫలితం తెలిశాకే కనపడతాయి.

బ్యాడ్మింటన్‌లో సింధు సంగతి కూడా ఇదే. 2017 గ్లాస్గో, 2018 నాన్జింగ్, వరసగా రెండు ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనళ్ళు ఓడింది. ఫైనల్ అంటేనే భయమన్నారు. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో ఒకుహారాను 21-7, 21-7తో చిత్తు చేసింది. గ్లాస్గోలో 110 నిమిషాలు పోరాడి ఓడింది ఆ ఒకుహారా చేతిలోనే. (2016లో ఆమె రియోలో ఆడుతుండగా తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఆమె కులమేమిటని ఇంటర్నెట్‌లో వెతికారని పత్రికలు రాశాయి. స్పందించడానికి తొందరపడితే మనలోంచి ముందు బయటికొచ్చేది ఏమిటో దానితో తెలిసింది.)

తిట్టడం ఎంతదాకా పోతుందో కూడా చూశాం. 2021 అక్టోబరులో మన క్రికెట్ జట్టు పాకిస్తాన్ చేతిలో పది వికెట్లతో ఓడాక బౌలర్ షమీని నానా మాటలన్నారు. అతని పక్షాన మాట్లాడిన కెప్టెన్ కోహ్లీకి తన నెలల పసిపాప విషయంలో బెదిరింపు వచ్చింది. ఆ కేసులో ముంబయి పోలీసులు అరెస్టు చేసింది 23 ఏళ్ళ హైదరాబాద్ ఇంజినీరును. 2023లో బొంబాయి హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. నా పుస్తకంలో అతని పేజీ కూడా ఉంది, అతన్ని కూడా నిందితుడనే రాసుకున్నాను. ఓడిన రాత్రి ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి పడుకోండి. పిల్లల ఫోన్లూ అక్కడే పెట్టించండి.

గెలిస్తే? ఒంటరిగా సంబరపడండి. ఇంట్లో తలుపులేసుకుని ఎంత గట్టిగానైనా అరవండి. బయటికి మాత్రం వెళ్ళకండి. సంబరం నలుగురిలో పంచుకోవాలంటారు పెద్దలు. నేను ఈ ఒక్క విషయంలో పెద్దల మాట కాదంటాను. 2025 జూన్ 3న పద్దెనిమిదేళ్ళకి బెంగళూరు జట్టు ఐపీఎల్ గెలిచింది. మర్నాడే చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఒక్క వారం ఆగి ఉంటే కప్పు ఎక్కడికీ పారిపోయేది కాదు. 2024 డిసెంబరు 4 రాత్రి, హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర, పుష్ప-2 సినిమా ప్రీమియర్‌కి పిల్లల్ని తీసుకుని వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో ప్రాణం పోగొట్టుకుంది. కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ సినిమా మర్నాడు ఊరూరా ఆడింది. నెల తర్వాత కూడా ఆడింది.

కాబట్టి సినిమాకి మూడోవారం వెళ్ళండి. ఖాళీ హాల్లో కాళ్ళు చాపుకుని కూర్చోండి. టాక్ అడగకండి, ఎవరైనా చెప్పబోతే ఆపండి. మీ అభిప్రాయం అడిగితే "ఇంకా ఏమీ అనుకోలేదు" అనండి. 2010లో ఖలేజా వచ్చినప్పుడు ఆడలేదు. ఆ తర్వాత ఇళ్ళల్లో టీవీల ముందు కూర్చుని జనం దాని మాటలు కంఠస్థం చేశారు. 2025 మేలో మళ్ళీ విడుదల చేస్తే హాళ్ళు నిండాయి. 2010లోనే వచ్చిన ఆరెంజ్ కూడా అంతే. మొదటి ఆట ఇంటర్వెల్లో ఫోనులో తీర్పు రాసేవాడు పదిహేనేళ్ళ ప్రయాణాన్ని గంటంపావులో ముగిస్తున్నాడు.

చావు వార్త విషయంలో నాకు మొహమాటం లేదు. ఏ నటుడు పోయాడని విన్నా పదకొండో రోజు దాకా సంతాపం రాయకండి. 2023 మార్చిలో, ఉగాది ముందురోజు, కోట శ్రీనివాసరావు గారు పోయారని ఫోన్లన్నీ మోగాయి. ఎనభయ్యేళ్ళ పెద్దాయన తాను బతికే ఉన్నానని వీడియో తీసి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నేను దండం బొమ్మ పెట్టలేదు. ఆయన నిజంగా పోయింది 2025 జులై 13న. పదకొండో రోజు సాయంత్రం ఆయన సినిమా ఒకటి వేసుకుని ఇంటిల్లిపాదీ చూశాం. మా అమ్మ మధ్యమధ్యలో నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ చూసింది. నేను రాయగలిగిన ఏ సంతాపమూ దానికి సాటి రాదు.

ఇది రాస్తుండగానే మా ఫ్యామిలీ గ్రూపు మోగింది. బాబాయి ఏదో వీడియో పెట్టాడు, కింద "చూశావా?" అని ఉంది. చూడలేదు బాబాయ్ అని రాశాను. పుస్తకం తెరిచి ఎడమ పేజీలో ఇవాళ్టి తేదీ వేశాను. గోడ మీది క్యాలెండరు పేజీలు మూడు తిప్పి, తొంభయ్యో రోజు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాను.