మూఢం లేని చందా

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్రియకు, అనగా ఇన్‌స్టలేషన్‌కు, చరిత్రలో రెండు యుగాలున్నాయి. నోల్ సోదరులు రూపొందించగా అడోబీ సంస్థ 1990 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఫొటోషాప్ తొలి యుగానికి చెందినది. ఆ కాలపు వినియోగదారుడు ఒక్కసారి సొమ్ము చెల్లించి, డిస్కు పెట్టి, సీరియల్ నంబరు టైపు చేసి, ఆ సాఫ్ట్‌వేర్ తనదేనన్న భ్రమలో ఏళ్ల తరబడి సుఖంగా జీవించేవాడు. 2013 మే నెలలో సంస్థ ఆ భ్రమను తొలగించింది. ఇకపై కొత్త వెర్షన్లు క్రియేటివ్ క్లౌడ్ అనే చందా పథకంలోనే లభిస్తాయని ప్రకటించడంతో, 2012 నాటి సీఎస్6 శాశ్వత లైసెన్సు గల చివరి ఫొటోషాప్‌గా మిగిలింది. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ సారథ్యంలోనే ఈ సంస్కరణ జరిగింది గనుక, ఆ ఖ్యాతిలో తెలుగు నేల కూడా తన వాటాను వినయంగా స్వీకరించవచ్చు.

రెండవ యుగపు ఇన్‌స్టలేషన్‌లో ముందుగా దిగేది ఫొటోషాప్ కాదు, దాని పెత్తందారు. క్రియేటివ్ క్లౌడ్ అనే ఈ యాప్ ఖాతా తెరిపించి, చెల్లింపు వివరాలు తీసుకొని, అటుపిమ్మటే అసలు సాఫ్ట్‌వేర్‌ను రప్పిస్తుంది. ప్రోగ్రాము నివసించేది వినియోగదారుడి హార్డ్ డిస్కులోనే, వాడుకొనేది అతని ర్యామ్‌నే, కాల్చేది అతని కరెంటునే. అయినా చందా ఇంకా బతికే ఉన్నదా అని అది అప్పుడప్పుడు సంస్థ సర్వర్‌ను అడిగి తెలుసుకొంటుంది. సొంత ఇంట్లో ఇంటి యజమానే అద్దె కట్టి ఉండే ఈ ఏర్పాటును ఆధునిక వాణిజ్యశాస్త్రం సేవ అని పిలుస్తుంది.

పథకాలలో మిక్కిలి గంభీరమైనది ‘వార్షికం, నెలవారీ చెల్లింపు’. చూపుకు నెలసరి చందాలా కనిపించినా ఇది ఏడాది ఒప్పందం. మొదటి 14 రోజులు దాటాక మానుకోదలచిన వారు మిగిలిన నెలల మొత్తంలో సగం సమర్పించుకోవాలి. ఈ రుసుమును కొనుగోలుదారులకు కనపడకుండా దాచారనీ, రద్దు మార్గాన్ని కావాలనే చిక్కుముడిగా మార్చారనీ ఆరోపిస్తూ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబీపై దావా వేసింది. ఫొటోలోని మచ్చను ఒక్క క్లిక్కుతో చెరిపే విద్య తెలిసిన సంస్థకు, చందాను ఒక్క క్లిక్కుతో చెరిపే విద్య ఎందుకు అబ్బలేదో పరిశోధకులు తేల్చవలసి ఉన్నది.

ఈ విధానపు లోతు తెలుగు ఊళ్ల ఫొటో స్టూడియోలకు మరింత బాగా తెలుస్తుంది. పెళ్లి ఆల్బమ్ ముహూర్తాలను బట్టి వస్తుంది. ఆషాఢంలోనూ, గురు శుక్రులు సూర్యుడికి చేరువై కనపడకుండాపోయే కాలమైన మూఢంలోనూ పెళ్లిళ్లుండవు, కనుక రాబడీ ఉండదు. చందాకు మాత్రం పంచాంగంతో పరిచయం లేదు. పెళ్లికొడుకు లేని నెలలోనూ అది కట్నం పుచ్చుకొంటుంది.

చందా మీద ద్వేషం ఉన్నవారికి 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న గింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్ ఉన్నది. నేర్చుకొనే ఓపిక ఒక్కటే దాని వెల. నిత్యం పని ఉండి, ఏడాది మొత్తానికి లెక్క వేసుకొన్నవారికి చందా న్యాయమైన ఖర్చే కావచ్చు. ఎవరైనా సరే, ఇన్‌స్టాల్ బటన్ నొక్కే ముందు రద్దు షరతులు చదవాలి.