నవలల పోటీ నిబంధనలు: టీకా తాత్పర్య సహితం

మూలం: నవల సొంత రచనేననీ, అనువాదం గానీ అనుసరణ గానీ కాదనీ హామీపత్రం జతపరచాలి. కాగితానికి ఒకవైపే రాయాలి. గడువు దాటి అందినవి పరిశీలించబడవు. తుది నిర్ణయం సంపాదకులదే. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.

అవతారిక: ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. కొద్దిపాటి పాఠభేదాలతో తెలుగు వారపత్రికలన్నిటా కనిపిస్తుంది గనక అపౌరుషేయమన్నా తప్పులేదు. నవల రాయడం నేర్చుకోదలచినవారు వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘నవలాశిల్పం’ తిరగేస్తారు, యండమూరి ‘పాపులర్ రచనలు చేయడం ఎలా?’ తిరగేస్తారు. ఈ నాలుగు ముక్కల్ని మాత్రం చివరనున్న చిరునామా కోసమే చూస్తారు. పాత్రపోషణ గురించి, సంభాషణ గురించి ఇందులో ఒక్క మాటా లేదు కదా అని వారి చిన్నచూపు. కానీ మన నవల చరిత్రను పక్కన పెట్టుకుని చదివితే, తెలుగువాళ్ల చేత నవలలు రాయించినవి శిల్పశాస్త్రాల కంటే ఈ షరతులే అని తేలుతుంది. ఈ వ్యాఖ్య నిరూపించబూనినది అదే.

టీక: ముందు ‘హామీపత్రం’. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో రావడం మొదలై 1880లో పుస్తకమైంది. దానికి గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఒరవడి అని బడిపిల్లలకూ తెలుసు. ఈ పత్రం మీద సంతకం పెట్టమంటే పంతులుగారి కలం కాస్త తటపటాయించేదే. అయితే ధవళేశ్వరం గోదావరి ఒడ్డు, బంగారం చేసిపెడతానని ఉన్న బంగారం ఊడ్చుకుపోయే బైరాగి గోల్డ్‌స్మిత్ దగ్గర దొరికే సరుకు కాదు. కనుక ఇక్కడ ‘సొంతం’ అంటే కథకు వేసిన చట్రం కాదు, అందులో బిగించిన బతుకు అని అన్వయించుకోవాలి. లేకపోతే మన నవల పుట్టిన ఏడాదే అనర్హమైపోతుంది. ‘ఒకవైపే’ అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. రెండోవైపు సంపాదకుడి ఎర్రసిరాకని కొందరంటారు గానీ, అది అక్షరాలు కూర్చే కంపోజిటర్ సౌకర్యం కోసమే.

అసలు సారమంతా ‘గడువు’లో ఉంది. న్యాపతి సుబ్బారావు పంతులు ‘చింతామణి’ ద్వారా నడిపిన పోటీలు చిలకమర్తి చేత ‘రామచంద్ర విజయం’ మొదలుకుని నవల వెంట నవల రాయించాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ పెట్టగా 1934లో విశ్వనాథ సత్యనారాయణ నోటితో చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకుపోయాడు. 29 రోజుల్లో ‘వేయిపడగలు’ పూర్తయింది. బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి పంచుకుంది. గడువు లేకపోతే ఆ వెయ్యి పడగలూ విశ్వనాథ మనసులోనే బుసలు కొడుతూ ఉండిపోయేవేమో.

పూర్వపక్షం: 29 రోజుల్లో రాయడం విశ్వనాథకు చెల్లింది, అందరికీ చెల్లుతుందా? నిజమే, చెల్లదు. ఆ రోజుల వెనక ఎన్నో ఏళ్ల చదువూ, మననమూ ఉన్నాయి. గడువు విద్యనివ్వదు, వచ్చిన విద్యను కాగితం మీదికి దింపుతుంది, అంతే. పోటీతో పనిలేకుండా గొప్ప నవలలు రాలేదా అని మరో ఆక్షేపణ. వచ్చాయి. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ అలాంటిదే. అయితే అదీ ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది; సీరియల్ అంటే సంచిక సంచికకీ ఒక గడువే. ఆ ఒత్తిడిలోనే కథను రబ్బరులా సాగదీయడం, ప్రతి భాగం చివరా తలుపు చప్పుడు చేయించడం మనవాళ్లకు అలవాటైందని ఎవరైనా అంటే కాదనలేను. ఆ పాపంలో వాటా పాఠకులకూ ఉంది.

ఇక గట్టి ఆక్షేపణ ఒకటుంది. సీరియళ్లు వేసే వారపత్రికలే కరువయ్యాయి, రాసినవాడే డబ్బు పెట్టి రెండు మూడు వందల కాపీలు వేయించుకుంటున్నాడు, ప్రతిలిపిలోనో కిండిల్‌లోనో నిమిషంలో పెట్టేయవచ్చు, ఇంకా ఈ సూత్రంతో పనేమిటి? పని ఇప్పుడే ఎక్కువ. అచ్చు సులువైంది గానీ, ‘ఇది చాలదు’ అని చెప్పేవాడూ ‘ఫలానా తేదీకి కావాలి’ అని అడిగేవాడూ మాయమయ్యారు. రెండు పనులూ చేసిన చోట ఫలితం కళ్ల ముందే ఉంది. తానా నవలల పోటీ వల్ల 2017లో బండి నారాయణస్వామి ‘శప్తభూమి’, 2019లో సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి ‘కొండపొలం’ వెలుగులోకి వచ్చాయి. అనంతపురం కరువూ, నల్లమలకు గొర్రెలు తోలుకెళ్లే కాపరులూ అమెరికా తెలుగువాళ్లు పెట్టిన గడువుకు పుస్తకాలయ్యారు.

విశేషం: చివరి వాక్యంతో మాత్రం ఈ వ్యాఖ్యాతకు పేచీ ఉంది. తుది నిర్ణయం సంపాదకులది కావడం న్యాయమే, ఎవరో ఒకరు తేల్చాలి. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదనడమే అన్యాయం. వచ్చిన కట్టలకు జవాబులు రాస్తూ కూర్చుంటే పత్రిక ఎప్పుడు తేవాలి అంటారు, సరే. మన దగ్గర సంపాదకుడంటే ఎంచేవాడే తప్ప, రచయిత పక్కన కూర్చుని దిద్దించేవాడు అరుదు. కాబట్టి తిరిగొచ్చిన నవల ఎందుకు తిరిగొచ్చిందో రచయితకు ఎన్నడూ తెలియదు. అదే తప్పుతో మరో నవల మొదలుపెడతాడు. పూర్తి విమర్శ అడగడం అత్యాశ. చదవడం ఏ పేజీ దగ్గర ఆపేశారో ఆ అంకె ఒక్కటి కార్డు మీద రాసి పడేసినా చాలు.