రివర్సు లైట్ల రాయుడు

రివర్సు లైట్ల రాయుడు నగరవాసి. హైదరాబాదు, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, ఆదివారం పొద్దున పూట, బండి కింద పడుకుని కాళ్లు మాత్రం బయటపెట్టి కనిపిస్తాడు. ఒకప్పుడు పాత జిప్సీలతో కాలక్షేపం చేసేవాడు. 2020 అక్టోబరులో కొత్త థార్ వచ్చాక ఇతని సంఖ్య బాగా పెరిగింది. పెద్ద టైర్లు, ముందు బంపరుకు వించి, టాపు మీద ఎల్‌ఈడీ బారు బిగించేశాక, ఇక ముందువైపు ఖాళీ లేక ఇతని చూపు బండి వెనక్కి మళ్లుతుంది.

ఇతని వాదనలో పస లేకపోలేదు. చాలా బళ్లలో కంపెనీ ఇచ్చే రివర్సు బల్బు 21 వాట్లది. కొన్నింటిలో 16 వాట్లే. సెల్లార్లో గోడ కనపడటానికి అది చాలు. మారేడుమిల్లి అడవిలో, చీకట్లో, బండి తిప్పుకునే చోటు లేక వచ్చిన దారినే వెనక్కి రావలసివస్తే మాత్రం ఆ గుడ్డి వెలుగులో బండరాయేదో బురదగుంటేదో తేలదు. పైగా థార్‌లో స్పేరు టైరు వెనక అద్దంలో కొంత భాగాన్ని కప్పేస్తుంది. రాయుడు ఈ ఆపదను ఎంత కళ్లకు కట్టినట్టు చెబుతాడంటే, అది తనకెప్పుడైనా ఎదురైందా అని అడగడానికి వినేవాళ్లకు నోరు రాదు.

మొదట కొనేది తప్పు లైటే. ఎక్కువ దూరం కొడుతుందని స్పాట్ లైటు తెస్తాడు. వెనక్కి నడిచే బండికి కావలసింది పక్కలకు పరుచుకునే ఫ్లడ్ లైటు. స్పాట్ పెడితే అవతలి వీధిలో డాబా మీద ఆరేసిన చీరల అంచులు స్పష్టంగా కనపడతాయి, చక్రం పక్కనున్న కాలవ కనపడదు. ఇది గ్రహించాక రెండో జత కొంటాడు, మొదటి జతను బావమరిది బండికి బహూకరిస్తాడు.

రెండోసారి ఐపీ రేటింగు కూడా చూస్తాడు. ఐపీ 67 అంటే లోపలికి దుమ్ము పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా చెడదు. థార్ దాటగలదని కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు. అంత నీటిలో దిగితే వెనక బంపరు కింది లైటు మునగడం ఖాయం కనుక ఈ జాగ్రత్త సబబే. ఇతని బండి చూసిన అతి లోతైన నీరు వానాకాలం సెల్లార్లోది అన్నది వేరే సంగతి.

వాట్ల దగ్గర మాత్రం పూర్తిగా మోసపోతాడు. ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తాడు.

“సార్, ఒక్కోటీ ఒకటిన్నర ఆంపియర్లు లాగుతోంది. పన్నెండు వోల్టులకి పద్దెనిమిది వాట్లు.”

“డబ్బా మీద నూట ఇరవై అని ఉంది బాబాయ్!”

“అయితే డబ్బా బిగించమంటారా?”

పద్దెనిమిది వాట్ల మంచి ఎల్‌ఈడీ పాత బల్బుకంటే చాలా ఎక్కువ వెలుగిస్తుందని ఆయన చెబుతాడు. అది నిజమే. ఆ నూట రెండు వాట్లు ఎటు పోయాయన్న దిగులు మాత్రం రాయుణ్ణి రెండు మూడు రోజులు వదలదు.

ఇతని పాండిత్యమంతా వైరింగులో బయటపడుతుంది. కొత్త లైట్లను పాత రివర్సు వైరుకే తగిలిస్తే తేలిగ్గా పోతుంది గానీ, ఆ వైరునూ దాని ఫ్యూజునూ చిన్న బల్బుల లెక్కకు వేశారు. అదనపు భారం దాని మీద పడకుండా మధ్యలో రిలే పెట్టాలి. రిలే కాళ్ల నంబర్లు 30, 85, 86, 87. పెళ్లిరోజు మరిచిపోయే మనిషి ఈ నాలుగూ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా కరెంటు, 87 నుంచి లైట్లకు, 86కి పాత రివర్సు వైరు నుంచి చిన్న తీగ, 85కి ఎర్త్. రివర్సు గేరు పడగానే రిలే టిక్కుమంటుంది, లైట్లు బ్యాటరీ నుంచే నేరుగా కరెంటు తీసుకుంటాయి. పాత వైరు మోసేది రిలే కాయిలు తాగే కాసింత కరెంటునే.

ఫ్యూజును రాయుడు చేతికందే చోటు కదా అని లైట్ల దగ్గర పెడతాడు. ఎలక్ట్రీషియన్ దాన్ని పీకి బ్యాటరీ పక్కన పెడతాడు. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే, చివర్లో ఉన్న ఫ్యూజు చేయగలిగిందేమీ ఉండదు. తర్వాతి పేచీ ఎర్త్‌ది. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి ఇనుము తేల్చాలి. కొత్త బండి రంగు గీకడానికి రాయుడికి ప్రాణం ఒప్పదు. రంగు మీదే బిగిస్తాడు. లైటు మినుకుమినుకుమంటుంటే లైటు కంపెనీని తిడతాడు.

ఆ తర్వాత క్యాంపు కోసమని విడిగా స్విచ్చు కావాలంటాడు. రివర్సు వైరూ ఈ స్విచ్చూ ఒకే రిలే కాలికి వస్తే నడుమ డయోడు ఉండాలి. లేకపోతే స్విచ్చు వేయగానే కరెంటు ఎదురు పారి పాత రివర్సు బల్బులూ వెలుగుతాయి. కెమెరాకూ అదే వైరు ఆధారమైన బళ్లలో, నిక్షేపంగా ముందుకు పోతుండగా తెర మీద వెనక రోడ్డు ప్రత్యక్షమవుతుంది. రాయుడు దీన్ని కొత్త సౌకర్యంగా భావించి మిత్రులకు చూపిస్తాడు.

పరీక్ష రాత్రి భోజనాల వేళ జరుగుతుంది. భార్యను కిందికి పిలిపించి బండి వెనక నిలబెడతాడు.

“వెలిగిందా?”

“వెలిగిందండీ.”

“ఎలా ఉంది?”

“కళ్లు పోయాయి. అన్నం చల్లారిపోతోంది, రండి.”

దీన్ని ఇతను ప్రశంసగా తీసుకుంటాడు.

ఈ లైట్లు నిత్యం పనికొచ్చేది పార్కింగులోనే. అక్కడ వాచ్‌మన్ “రానీండి సార్… రానీండి… రానీండి…” అంటూ చివర్లో డిక్కీ మీద చరచడం పాత పద్ధతి, ఇంతవరకూ విఫలమైంది తక్కువ. కొత్త లైట్లు పడ్డాక వాచ్‌మన్ రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుంటాడు. చరచడానికి చేయి మిగలదు. బంపరు మీద మొదటి గీత ఆ వారమే పడుతుంది.

చట్టం సంగతి ఎవరైనా ఎత్తితే రాయుడు మాట మారుస్తాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. స్విచ్చు వేసుకుని రోడ్డెక్కి వెనకవాడి కళ్లలో తెల్లటి వెలుగు కొట్టడం ఎలాగూ సమర్థించలేనిది. అందుకే తెలివైన రాయుళ్లు రోడ్డు మీద లైట్లకు తొడుగు వేస్తారు, ఆ స్విచ్చు జోలికి పోరు.

బండి అమ్మేటప్పుడు లైట్లు విప్పుకుంటాడు, రిలే మాత్రం బానెట్ కింద అలాగే వదిలేస్తాడు. కొన్న మనిషి రివర్సు వేసినప్పుడల్లా ఏదో టిక్కుమంటుందని గేరుబాక్సు విప్పించడానికి సిద్ధపడతాడు.