చీలమండ మీమాంస

ఏ శాస్త్రం మొదలుపెట్టినా ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలన్నారు పెద్దలు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ గ్రంథానికి విషయం, చీలమండ పైన ఆగిపోయే జీన్స్ ప్యాంటు. ప్రయోజనం, పొట్టి కాళ్లు పొట్టివన్న సంగతి ఎదుటివాళ్లకి కాస్త ఆలస్యంగా తెలియడం. సంబంధం, గుడ్డకీ కాలికీ మధ్యది. ఇక అధికారులు, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హులు ఎవరంటే: బస్సులో పైకడ్డీ అందనివారు, అటక మీది డబ్బా కోసం స్టూలెక్కేవారు, గ్రూపు ఫొటోలో ఎవరూ చెప్పకుండానే ముందు వరసలోకి వచ్చేవారు. రచయిత్రి ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. కాబట్టి అర్హత గురించి ఎవరూ అడగనక్కర్లేదు. ఆ ఒక్క అంగుళాన్ని మాత్రం ఏ దరఖాస్తులోనూ వదిలిపెట్టలేదు.

మొదట లక్షణం చెప్పాలి. ‘చీలమండ కనిపించేలా ఆగిపోయేది క్రాప్డ్ జీన్స్’ అని లోకం అంటుంది. ఈ లక్షణంలో అవ్యాప్తి ఉంది, అంటే అంటాల్సినదాన్ని అంటదు; అతివ్యాప్తీ ఉంది, అంటే అక్కర్లేనిదానికీ అంటుకుంటుంది. షాపులో చీటీ మీద క్రాప్డ్ అని స్పష్టంగా రాసి ఉన్న ప్యాంటు ఒకటి తొడుక్కున్నాను. కాళ్ల మధ్య కుట్టు నుంచి అంచు దాకా 26 అంగుళాలు. నా చీలమండ పూర్తిగా దాని లోపలికి వెళ్లిపోయింది. అద్దంలో చూస్తే నిండుగా, మర్యాదగా, ఏ దాపరికమూ లేని ఫుల్ ప్యాంటు. అదే వారం 5 అడుగుల 9 అంగుళాల నా స్నేహితురాలు ఫుల్ లెంగ్త్ అని రాసి ఉన్నదే కొంది. ఒకసారి ఉతికేసరికి అది ముడుచుకుని ఆమె చీలమండ మీదికి లేచి కూర్చుంది. క్రాప్డ్ క్రాప్డ్ కాలేదు, ఫుల్ ఫుల్ కాలేదు. అందుచేత మా సూత్రం ఇది: పొట్టితనం ప్యాంటు గుణం కాదు, ప్యాంటుకీ కాలికీ కుదిరే సంయోగం. తార్కికులు దీన్ని కాదనలేరు. షాపులో సేల్స్ అమ్మాయి మాత్రం కాదంది. “మేడమ్, ట్యాగు మీద క్రాప్డ్ అనే ఉంది కదా” అనేది ఆమె శబ్దప్రమాణం.

ఈ సూత్రం నుంచి ఒక ఉపసూత్రం దానంతటదే పుడుతుంది. పొట్టివాళ్లకి ఫుల్ ప్యాంటు కావాలంటే క్రాప్డ్ కొనుక్కోవాలి. క్రాప్డ్ కావాలంటే కార్టూన్ బొమ్మల టీషర్టులు దాటుకుని పిల్లల సెక్షన్‌కి వెళ్లాలి. లేదా దర్జీ దగ్గరికి.

ఇంత గందరగోళానికి మూలం చరిత్రలో ఉంది. 1873 మే 20న జాకబ్ డేవిస్ అనే దర్జీకీ, లీవై స్ట్రాస్ అనే బట్టల వ్యాపారికీ అమెరికా ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది. దేనికి? జేబు మూలలు చిరిగిపోకుండా రాగి రివెట్లు బిగించినందుకు. జేబు గురించి అంత ఆలోచించినవాళ్లు కాలి చివర గురించి ఒక్క ముక్క ఆలోచించలేదు. ఆ తరువాత 1948లో జర్మనీకి చెందిన సోన్యా డి లెనార్ట్ ప్యాంటుని పిక్కల దగ్గర ఆపి, దానికి ఇటలీ ద్వీపం కాప్రీ పేరు పెట్టింది. 1954లో ‘సబ్రినా’ సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ కురచ ప్యాంటుతో కనిపించేసరికి లోకానికి దృష్టాంతం దొరికింది. కానీ ఇదేం దృష్టాంతం? ఆవిడ దాదాపు 5 అడుగుల 7 అంగుళాల మనిషి. తాటిచెట్టుని చూపించి గడ్డిపరకకి నీడ ఎలా పడాలో చెప్పడం లాంటిది.

ప్రమాణాల సంగతి ఇంకా విచిత్రం. అసలు మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. ఫ్యాషన్ బొమ్మలు గీసేవాళ్లు మాత్రం తొమ్మిది తలల లెక్కన గీస్తారు, రావణుడికి ఒకటి తక్కువ. ఎక్కువైన ఎత్తులో పెద్ద వాటా కాళ్లకే పోతుంది. మన శిల్పులకీ లెక్కలున్నాయి కానీ వాళ్లు ఎవరి లెక్క ఎవరిదో విడదీసి చెప్పారు. ముఖం పొడవుని తాళం అంటారు. శుక్రనీతి అనే గ్రంథం ప్రకారం మనుషులకి ఎనిమిది తాళాలు, దేవతలకి తొమ్మిది, రాక్షసులకి పది. వామనుడికి ఏడు. షాపు కిటికీలో నిలబడ్డ బొమ్మది ఏ లెక్కో నేను చెప్పను, పాఠకులు కొలుచుకోవచ్చు. ఏడు తాళాల వామనుడు మూడడుగులతో పని పూర్తిచేశాడు కదా అంటారేమో. చేశాడు, కానీ మధ్యలో పెరగాల్సి వచ్చింది. మనకా సౌకర్యం లేదు.

ఇప్పుడు సంశయం: అంచు ఎక్కడ ఆగాలి? పూర్వపక్షం వాళ్లు, అంటే త్రీఫోర్త్‌ల కాలం నాటివాళ్లు, పిక్క మధ్యలో అంటారు. ఇది ఘోరం. కన్ను గుడ్డ ఆగిన చోట వెడల్పు చూసి మిగతా కాలంతా అంతేనని లెక్కకట్టేస్తుంది. మోకాలి కింద కాలికి అన్నిటికన్నా లావైన చోటు పిక్క మధ్యే. అక్కడ గీత గీస్తే రెండు ఉక్కు బిందెల మీద మనిషి నిలబడ్డట్టుంటుంది. సిద్ధాంతం: అంచు సన్నని చోటే ఆగాలి. ఆ చోటు చీలమండ ఎముకకి రెండు వేళ్ల పైన ఉంటుంది. నా విషయంలో నేల నుంచి కాళ్ల సందు దాకా 27.5 అంగుళాలు, చీలమండ ఎముకని దాటి రెండు వేళ్లు పైకి వెళితే మూడున్నర, కాబట్టి 24 దగ్గర ఆపాలి. 25 అయితే ప్యాంటు ఇంకా కిందికి దిగుదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంటుంది. 22 అయితే పిక్క మొదలు.

దీనిమీద మా అత్తయ్య ఆక్షేపం: “ఏమ్మా, గుడ్డ చాల్లేదా?” ఈ ఆక్షేపంలో బలముంది. ఫుల్ ప్యాంటుతో పోలిస్తే ఆరంగుళాల గుడ్డ తగ్గింది, ధర మాత్రం దారం పోగంత కూడా తగ్గలేదు. దీనికి మా దగ్గర సమాధానం లేదు కనుక తరువాతి అధికరణానికి వెళదాం.

రెండో ఆక్షేపం జర్మనీ నుంచి వచ్చింది. అడ్డగీత పడితే కాలు పొట్టిగా కనిపిస్తుందని మేమంటే, 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే మహానుభావుడు అడ్డగీతలతో నింపిన చదరం ఇంకా ఎత్తుగా, సన్నగా కనిపిస్తుందని చూపించాడు. నిజమే. కానీ ఆయన గీసినవి చాలా గీతలు. ప్యాంటు అంచు ఒక్కటే గీత. ఎన్నో గీతలు మెట్ల వరస అవుతాయి, ఒక్క గీత సరిహద్దు అవుతుంది. అంచుని మడిచారంటే ఆ సరిహద్దుకి కంచె వేసినట్టే. డెనిమ్‌లో పడుగు నీలం, పేక తెలుపు. అందుకే మడిస్తే లోపలి తెల్లదనం బయటపడి, కాలి చుట్టూ సున్నం పట్టీ కొట్టినట్టవుతుంది. మడవక తప్పకపోతే అరంగుళం, ఒక్క మడత. పోగులు ఊడిన అంచు ఇంతకన్నా మెరుగు, గీత ఎక్కడుందో దానికే తెలీదు.

మిగతా అంగాలు క్లుప్తంగా. నడుము పట్టీ బొడ్డు దాకా రావాలి, చొక్కా లోపలికి దోపాలి, కాళ్లు అక్కడి నుంచే మొదలయ్యాయని జనం నమ్ముతారు. కుర్తీ తొడ మధ్యకి వస్తే మాత్రం ఇంత చేసినా లాభం లేదు. చెప్పులు ఒంటి రంగుకి దగ్గరగా, మునివేళ్ల వైపు కొంచెం కోసుగా ఉండాలి. చీలమండ చుట్టూ బకిల్ తిరిగే చెప్పులు నిషిద్ధం. ఆ లెక్కన వెండి పట్టీలు కూడా నిషిద్ధమే అవ్వాలి, అవీ అడ్డగీతలే కదా. కానీ ఈ ఒక్క చోట శాస్త్రాన్ని పక్కన పెట్టాను. పట్టీలు చీరంచు కింద ఏళ్ల తరబడి చీకట్లో మోగాయి, ఇన్నాళ్లకి బయటికొచ్చాయి. మువ్వ మోగితే ఎవరూ కాళ్లని కొలవరు, వచ్చింది ఎవరా అని మొహం వైపు చూస్తారు.

నిజానికి ఈ సమస్యని మన ఇళ్లలో ఎప్పుడో పరిష్కరించేశారు. చీరకి సైజు లేదు. పొడుగు మనిషైనా పొట్టి మనిషైనా అదే చీర కడుతుంది, ఎక్కువైంది నడుము దగ్గర లోపలికి దోపేస్తుంది. అంచు ఎప్పుడూ ఉండాల్సిన చోటే ఉంటుంది. చిన్నప్పుడు పరికిణీ కుట్టిస్తే కింద రెండు మూడు మడతలు లోపలికి కుట్టేవారు, ఏడాదికొకటి చొప్పున విప్పడానికి. నాకు కుట్టిన ఆఖరి మడత విప్పాల్సిన అవసరం రాలేదు. జీన్స్‌ని మాత్రం కింది నుంచే కోయాలి. కోస్తే ప్యాంటు మోకాలు నా మోకాలికి రెండంగుళాల కిందే ఉండిపోతుంది. కింద విప్పారే రకమైతే ఆ విప్పారేదంతా దర్జీ నేల మీద పడుతుంది.

ఈ శాస్త్రంలో అసలు ఆచార్యుడు హైదరాబాదులో ఒక సందు చివర, మెట్ల కింద మిషను వేసుకుని కూర్చునే ఆల్టరేషన్ మాస్టారు. పైన చెప్పిన మీమాంస అంతా ఆయనకి విన్నవించాను. దారం సూదిలోకి ఎక్కిస్తూ విన్నాడు.

“ఉతికిన్రా?” అన్నాడు.

“లేదండీ, కొత్తది.”

“ఉతకకుంట నేను కొయ్య మేడమ్. ఉతికి తెండి. ఏ చెప్పులేసుకుంటరో అవి గూడ తెండి.”

రెండు రోజుల తరువాత ఉతికిన ప్యాంటుతో, చెప్పులతో వెళ్లాను. వేసుకుని నిలబడమన్నాడు. కిందికి చూడొద్దన్నాడు, చూస్తే నడుము వంగి కొలత మారుతుందట. చాక్‌తో ఒక్క గీత గీశాడు. టేపు పెట్టి చూస్తే 24. కొన్నది 30 అంగుళాల ఫుల్ లెంగ్త్ కనుక ఒక్కో కాలికి ఆరంగుళాలు పోయాయి. ఒరిజినల్ అంచు ఉంచుతారా అని అడిగితే, “ఎందుకు మేడమ్, పోగులు తీసి ఇడిసిపెడత, మంచిగుంటది” అన్నాడు. హెల్మ్‌హోల్ట్జ్ పేరు ఆయన ఎప్పుడూ విని ఉండడు.

కోసిన రెండు ముక్కల్నీ కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. డెనిమ్ మందం గుడ్డ కదా, ఇప్పుడవి వంటింట్లో మసిగుడ్డలు. పాలగిన్నె దించడానికి వాటిని మించినవి లేవని మా అత్తయ్యే అంటోంది.