మిస్సింగ్ వినే చెవులు యాడ పోయినాయప్పా?

మా రోజుల్లో బండి షెడ్డుకు రాకముందే, రోడ్డు మీద ఉండగానే దాని జబ్బు తెలిసిపోయేది. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఒకే దరువు మీద ఆడాల. మధ్యలో ఒక దెబ్బ తప్పితే మిస్సింగే.

ఏ సిలిండరో తేల్చడానికి కావలసింది పదిహేడో నంబరు పానా ఒక్కటే. ఇంజన్ ఆడుతుండగానే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసేవాళ్లం. మంచి సిలిండరుదైతే ఇంజన్ ఇంకా కుంటుతుంది. వదులు చేసినా శబ్దం మారలేదంటే దొంగ అదే. అప్పుడా నాజిల్‌ను పక్క సిలిండరుకు మార్చేది. మిస్సింగ్ దాని వెంబడే పోతే తప్పు నాజిల్‌ది. పోకుండా అక్కడే ఉంటే వాల్వులో, రింగులో, హెడ్ గ్యాస్కెట్టో చూసుకోవాల.

ఇప్పుడు మా కళ్యాణదుర్గంలో టమోటాలు, చెనక్కాయలు మోసే పికప్పులన్నీ ఎవరో ఒకరు వాడి వదిలినవే. మీటరు మూడు లక్షలు దాటుంటుంది. దాటలేదంటే ఎవరో వెనక్కి తిప్పుంటారు. మిస్సింగ్ అనగానే కుర్రోడు స్కానర్ తగిలిస్తాడు. పి0303 అని వస్తుంది. "మూడో ఇంజెక్టర్ పోయిందన్నా" అంటాడు. మూడో సిలిండరు సరిగా మండడం లేదని మాత్రమే ఆ కోడ్ చెప్పేది. ఎందుకు మండలేదో అది చెప్పిందా? ఎలుక కొరికిన వైరైనా అదే కోడ్ రావచ్చు, కంప్రెషన్ పోయినా అదే. ఈ కరువు నేల దుమ్ములో ఎయిర్ ఫిల్టర్ సంగతి పట్టించుకోకుండా తోలితే రింగులు అరగక ఏమవుతాయి?

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాల. ఇప్పటి బండ్లలో వచ్చే కామన్ రైల్ ఇంజన్ మీద మా పానా విద్య పనికిరాదు. తొక్కితే వెయ్యి బార్ దాటే ఒత్తిడి అది. నట్టు వదులు చేస్తే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అక్కడ చేయాల్సింది వేరే ఉంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు కట్టి ఇంజన్ ఆడించండి. మిగతావాటికంటే ముందు నిండిన సీసా ఏ ఇంజెక్టర్‌దో, లోపల కారేది అదే. సీసాలకయ్యే ఖర్చెంత? అదీ చూడకుండా వేలకు వేలు పోసి ఇంజెక్టర్ మార్చడం పనితనం కాదు, బేరం. మిస్సింగ్ ఒకచోట నిలవకుండా సిలిండర్లు మారుతుంటే ముందు డీజిల్ ఫిల్టరులో నీళ్లు వంచండి, పైపుల్లో గాలి పట్టిందేమో చూడండి.

పాత పికప్ కొనబోయే నాయనలారా, తెల్లారకముందే పోండి. చల్లటి ఇంజన్‌ను మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి. తెల్లపొగ కక్కుతూ కుంటితే కాలని డీజిల్, నీలంపొగైతే ఇంజన్ ఆయిల్ మండుతున్నట్టు. మీరు పోయేసరికే బానెట్ వేడిగా ఉందా, అడ్వాన్సు జేబులోనే పెట్టుకుని ఇంకోరోజు వస్తామని చెప్పి తిరిగిరండి.