భుజస్పర్శదోషము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో గొట్టము పదునాఱంగుళములున్న రైఫిలును అంగడిలో కొని యింటికి తెచ్చుకొనుటకు సామాన్య గృహస్థునకు పెద్ద యాటంకమేమియు లేదు. గొట్టము మిక్కిలి పొట్టిదై, ఒంటిచేత కాల్చదగినదై, కోటుచాటున దాగునట్టి పిస్తోలును కొనుటకును లేదు. కాని యా రెండింటికిని నడుమ, గొట్టము పదునాఱంగుళములకు అరయంగుళము తక్కువై, వెనుక భుజమున కానించుకొను స్టాకు గలిగిన మూడవ జాతి యొకటి యున్నది చూచితిరా, దానిని కేంద్రప్రభుత్వపు రిజిస్టరున కెక్కింపక యింట నుంచుకొన్నవాడు పదేండ్ల కారాగారవాసమునకు పాత్రుడగును. పెద్దది నిర్దోషి, చిన్నది నిర్దోషి, నడిమిది మాత్రము మహాపరాధి. మధ్యేమార్గమును బోధించిన బుద్ధభగవానుడు ఈ దేశమున జన్మింపకపోవుట ఆయన యదృష్టమనియే నేను తలంతును.

నేను జన్మమెత్తినది మొదలు తుపాకి కాల్చినవాడను కాను. కాల్చెదనన్నను ఇచ్చటి చట్టమంగీకరింపదు. సందర్శక వీసాపై వచ్చిన పరదేశి తుపాకిని చేత నుంచుకొనరాదు. అయితే, ఆ పరదేశియే ఏదేనొక రాష్ట్రమువారి వేట లైసెన్సు సంపాదించెనా, ఆ నిషేధము సడలిపోవును. లేడిని చంపెదనని దరఖాస్తు పెట్టుకొన్నవాడు విశ్వాసపాత్రుడు, ఊరక పట్టుకొని చూచెదనన్నవాడు శంకనీయుడు. కావున డాలసు సమీపమున మా మేనల్లుని యింట బసచేసియున్న 2023 వసంతకాలమున, అతడు తన యాయుధమును బల్లపై నుంచి దాని పుట్టుపూర్వోత్తరములను వివరించుచుండ, నేను రెండు చేతులను వీపువెనుకకు మడిచి, రెండు బారల దూరమున నిలిచి వింటిని.

మేనల్లుడు ఈ దేశపు పౌరసత్వము పుచ్చుకొని చాలకాలమైనది. సాఫ్ట్‌వేరు వ్రాయును, ఆదివారమున గుడికి వెళ్లును, శనివారమున తుపాకులు కాల్చు మైదానమునకు వెళ్లును. అతడు బల్లపై నుంచిన వస్తువు చూపులకు రైఫిలు, గొట్టము పదిన్నర యంగుళములు, వెనుకవైపున స్టాకునకు బదులు నల్లని రబ్బరు తొడుగువంటి బ్రేసు. "మామయ్యా, మీరు తర్కం చదువుకున్నారు కదా. ఇది పిస్తోలో రైఫిలో మీరే చెప్పండి. పిస్తోలైతే నేను పెద్దమనిషిని. రైఫిలైతే మే ముప్పై ఒకటో తారీఖు దాటాక జైలుకి" అనెను. తర్కసంగ్రహమును నేను కళాశాలలో ముప్పదేండ్లు చెప్పియుంటిని గాని, ఇట్టి ప్రశ్న నడిగిన విద్యార్థి యొక్కడును నాకు తటస్థింపలేదు.

మన నైయాయికులు లక్షణమునకు మూడు దోషములు చెప్పుదురు. కొమ్ములు గలది గోవన్నచో గేదెయు మేకయు వచ్చి చేరును, అది యతివ్యాప్తి. కపిలవర్ణము గలది గోవన్నచో తెల్లయావు వెలియగును, అది యవ్యాప్తి. ఒంటిగిట్ట గలది గోవన్నచో లోకమున గోవే లేకుండపోవును, అది యసంభవము. ఈ మూడును వేర్వేఱు లక్షణములకు పట్టును గాని, ఒక్క లక్షణమునకే మూడును పట్టవచ్చునని గ్రంథకర్త లూహింపలేదు; వారు వాషింగ్టను చూచినవారు కారు.

కథ 1934లో మొదలైనది. మద్యనిషేధము అప్పుడప్పుడే రద్దైనను, ఆ కాలపు దొంగసారా ముఠాల మరతుపాకుల మ్రోత ఇంకను చెవులలో నుండుటచేత, రూజ్‌వెల్టు ప్రభుత్వము జాతీయ ఆయుధముల చట్టమును తెచ్చినది. మొదటి ముసాయిదాలో మరతుపాకులతోపాటు పిస్తోళ్లును రివాల్వర్లును కూడ నుండెను. చేతితుపాకులపై కట్టడి వచ్చినచో జనులు రైఫిలును కోసి పొట్టిచేసికొని కోటుక్రింద దాచుకొందురు గదా యను దూరాలోచనతో పొట్టిరైఫిళ్లను సైతము అందు చేర్చిరి. పిమ్మట పిస్తోళ్ల విషయమున గగ్గోలు పుట్టగా వానిని ముసాయిదానుండి తొలగించిరి. పొట్టిరైఫిళ్లను తొలగించుట మాత్రము ఎవరికిని తోపలేదు. కోటకు సింహద్వారమును పెఱికి పాఱవైచి, ప్రక్కనున్న దిడ్డివాకిలికి తాళమువేసి, తొంబదేండ్లుగా దానికి కావలి యుంచుకొన్నట్లైనది. ఆ తాళము వెల రెండువందల డాలర్లు. అది ఆనాడు టామీతుపాకి ఖరీదునకు ఇంచుమించు సమానము. రైఫిలుగొట్టమునకు మొదట పదునెనిమిదంగుళముల హద్దు పెట్టి, 1960లో పదునాఱునకు దించిరి గాని, డాలర్ల జోలికి ఎవరును పోలేదు. ప్రపంచమున ధర పెరుగని వస్తువొక్కటైన నుండవలెనని కాబోలు.

ఇక బ్రేసు సంగతి. 2012లో అలెక్సు బాస్కో యను మాజీ సైనికుడు, అంగవైకల్యము గలిగిన తోటి సైనికుడొకడు ఇట్టి బరువైన పిస్తోలును ఒంటిచేత నిలుపలేక యవస్థపడుట చూచి, ముంజేతికి పట్టీతో బిగించుకొనుటకు వీలుగా నొక సాధనమును కల్పించెను. తుపాకుల వ్యవహారమును చూచు శాఖకు ఏటీఎఫ్ అని పేరు. మద్యము, పొగాకు, ఆయుధములు, పేలుడు సామగ్రి వారి యధీనములు. మన వామాచారులకు మకారములైదు గాని వీరు నాలుగింటితోనే సరిపెట్టుకొనిరి. ఆ శాఖవారు ఆ యేడే పరీక్షించి, ఇది ముంజేతికి కట్టుకొనునది, భుజమున కానించునది కాదు, కావున తగిలించినంతమాత్రమున పిస్తోలు పిస్తోలే యని లేఖ వ్రాసిరి. అంతట అంగవైకల్యము లేనివారికిని బ్రేసుపై మక్కువ కలిగినది. ముంజేతికి కట్టుకొనుట మఱచి, అది భుజమునకెంత చక్కగా నమరునో కనిపెట్టినవారు దేశమంతట బయలుదేఱిరి. 2015 జనవరిలో శాఖవారు మరల లేఖ వ్రాసి, బ్రేసును భుజమున నానించి కాల్చినయెడల, ఆ వాడుకయే ఆయుధమును రూపాంతరము చెందించునని సెలవిచ్చిరి. వస్తువులో అణువైన మార్పు లేదు. మనుష్యుడు దానిని నాలుగంగుళములు వెనుకకు జరుపుకొన్నాడు. తత్‌క్షణమే పిస్తోలు రైఫిలైపోయినది. పరుసవేదిలో స్పర్శచే ఇనుము బంగారమగునని విన్నాము గాని, భుజస్పర్శచే గృహస్థు ఖైదీయగుట అదియే ప్రథమము. 2017 మార్చిలో ఇంకొక లేఖ వచ్చి, అప్పుడప్పుడు భుజమునకు తగిలినంతమాత్రమున దోషము లేదని ప్రాయశ్చిత్తము చెప్పినది.

ఇన్ని లేఖల పిమ్మట 2021లో శాఖవారు శాస్త్రీయపద్ధతి నవలంబింపదలచి, మార్కుల పట్టికనొకదానిని ప్రతిపాదించిరి. ఆయుధము అరువదినాలుగు ఔన్సులకు తక్కువ తూగరాదు, పొడవు పండ్రెండంగుళములకును ఇరువదియాఱంగుళములకును నడుమ నుండవలెను. కాల్చు మీట నుండి వెనుక యంచు వరకు కొలిచి, పొడవు పెరిగినకొలది మార్కులు హెచ్చించి, నాలుగు మార్కులు వచ్చినచో రైఫిలని తేల్చవలెను. నేను బ్రతుకంతయు మార్కులు వేసినవాడనే కాని, మార్కులెక్కువ వచ్చినవాడు జైలుకు పోవు పరీక్షను దిద్దలేదు. ఈ ప్రతిపాదనపై రెండులక్షల ముప్పదియేడువేలకు పైగా అభిప్రాయములు వచ్చినవి. ఏ పరీక్షాధికారికిని అన్ని జవాబుపత్రములు దిద్దు దుర్గతి పట్టకుండుగాక. 2023 జనవరి 31న వెలువడిన తుదినిబంధనలో మార్కులు మాయమైనవి. వానికి మాఱుగా బరువు, పొడవు, వెనుకభాగపు వైశాల్యము, కంటికి దూరముగనో చేరువగనో ఉంచవలసిన గుఱిసాధనము, తయారీదారు ప్రకటనలలో నేమి వ్రాసినాడు, సమాజములో జనులు దీనినెట్లు వాడు సంభావ్యత గలదు అను వానినన్నిటిని కలిపి విచారింపవలెనని చెప్పిరి. చివరి లక్షణమును మేనల్లుడు నాకు మూడుమాఱులు చదివి వినిపించెను. అతని పిస్తోలు పిస్తోలగునో కాదో అతడు కాక, అతడెఱుగని యే మొంటానావాసియో వీడియోలో దానినెట్లు పట్టుకొన్నాడో, దానిని బట్టి నిర్ణయమగును. ఇది అతివ్యాప్తియో, మానవసంబంధముల వ్యాప్తియో నేను చెప్పలేకపోయితిని.

బ్రేసుగలవారికి నూటయిరువది దినముల గడువు. ఆ లోపల గొట్టమును పొడవు చేసికొనవచ్చును; బ్రేసును మరల తగులనట్లు ఊడదీసి పాఱవేయవచ్చును; తుపాకిని ప్రభుత్వమునకు అప్పగింపవచ్చును; విఱుగగొట్టవచ్చును; లేదా రెండువందల డాలర్లు లేకుండనే పొట్టిరైఫిలుగా నమోదు చేయించుకొనవచ్చును. రెండువందలు కలిసివచ్చుచున్నవను మాట చెవిని పడినంతనే మేనల్లుని వేదాంతమంతయు ఎగిరిపోయినది. గోదావరిజిల్లా రక్తము ఊరక పోదు. రెండంగుళముల చదరపు ఛాయాచిత్రము తీయించుకొనెను, రెండు కార్డులపై పదివ్రేళ్ల ముద్రలు వేసెను, స్థానిక పోలీసు ముఖ్యునకు ప్రతి పంపెను. ఆ సిరా మఱునాటికిని పోలేదు. కోడలు అతనిని వంటింటిలోనికి రానీయలేదు.

"తప్పు చేసేవాడు కూడా ఇలాగే వేలిముద్రలిచ్చి నమోదు చేసుకుంటాడా?" అని ఆమె యడిగిన ప్రశ్నకు చరిత్రలో విచిత్రమైన సమాధానము కలదు. 1968లో హేన్సు కేసున సుప్రీంకోర్టువారు, తుపాకి నుంచుకొనుటయే నేరమైనవానిని నమోదు చేసికొమ్మనుట, తన నేరమును తానే యొప్పుకొమ్మనుటయగును గనుక, అతనిని బలవంతపెట్టరాదని తీర్పుచెప్పిరి. పిమ్మట చట్టమును దిద్దిరి, అది వేఱుమాట. కొంతకాలమైనను రిజిస్టరు సజ్జనులకు మాత్రమే విధియై, దుర్జనులకు వికల్పముగ నుండెను.

గడువు ముగియునప్పటికి దేశమంతట రెండులక్షల యేబదియైదువేల చిల్లర దరఖాస్తులు వచ్చినవి. బ్రేసులో, శాఖవారి తక్కువ యంచనాలోనే ముప్పదిలక్షలు. తక్కినవారు గొట్టములు మార్చిరో, విఱుగగొట్టిరో, పడకగదిలోని బీరువా తలుపు మెల్లగ మూసిరో భగవంతునికెఱుక. మా మేనల్లుని ప్రక్కయింటి టెక్ససు పెద్దమనిషి మూడవ మార్గము ననుసరించి, న్యాయస్థానమువంక చూచుచు కూర్చుండెను. 2024 జూను 13న ఫోర్టువర్తులోని న్యాయమూర్తి రీడు ఓకానరుగారు ఆ నిబంధనను సమూలముగా కొట్టివేసిరి.

ఇప్పుడు చూడుడు. కంచెకు ఈవల మేనల్లునిది, ఆవల పొరుగువానిది. ఒకే కంపెనీ, ఒకే నమూనా, ఒకే పదిన్నర యంగుళముల గొట్టము, ఒకే నల్లని బ్రేసు. కాని ఈవలిది కాగితము నిలిచియున్నంతకాలము పొట్టిరైఫిలు, ఆవలిది పిస్తోలు. గంటన్నర ప్రయాణముచేసి ఓక్లహోమా సరిహద్దు దాటవలెనన్నచో మేనల్లుడు ముందుగా ఫారము పంపి శాఖవారి యనుమతి పొందవలెను; పొరుగువాడు కాఫీ త్రాగి బయలుదేఱును. చట్టమునకు విధేయుడైనవానికి ఫలము కొంచెమెక్కువ విధేయత యని మన ధర్మశాస్త్రములలో లేదు గాని, అనుభవములో కలదు.

తరువాత వచ్చిన మార్పు మఱింత రసవంతము. 2025 జూలై 4న సంతకమైన చట్టముచే, 2026 జనవరి 1 మొదలు పొట్టిరైఫిలుపై పన్ను రెండువందలనుండి సున్నకు దిగినది. ఫారము దిగలేదు, ఛాయాచిత్రము, వ్రేలిముద్రలు, రిజిస్టరు యథాతథముగ నున్నవి. 1937లో సుప్రీంకోర్టువారు ఈ చట్టమును నిలబెట్టినది పన్ను వేయు నధికారము నాధారముగా గొనియే గనుక, పన్నే లేనిచోట రిజిస్టరేల యని వ్యాజ్యములు వేసినవారును కలరు. మేనల్లుడు రెండవ యాయుధమునకు దరఖాస్తు నింపుచు, పన్ను అను గడిలో సున్న వ్రాసి నా వంక చూచెను.

"పన్ను సున్న అయితే మంచిదే గానీ మామయ్యగారూ, సున్నకి ఫారమెందుకండీ?" అని కోడలు వడ్డన మధ్యలో గరిటె యాపి యడిగినది.

వైశేషికులు అభావమును గూడ పదార్థముగనే యెంచుదురనియు, నేలపై కుండ లేదన్నపుడు కుండ లేకున్నను నేల యుండవలెను గదాయనియు, అట్లే పన్ను లేకపోవుటకును ఒక యధికరణము కావలెను గనుక, ఆ లేమి యుండుటకే ఫారము నిలిపిరనియు నేను సావకాశముగా వివరించితిని. ఆమె నా యాకులో కూర లేకపోవుటను అట్లే యుంచి వంటింటిలోనికి వెడలిపోయెను. మేనల్లుడు మాత్రము, ఈ ముక్క పొరుగింటాయనకు చెప్పాలి, కాగితం మీద రాసివ్వండి మామయ్యా, అనుచు కలము వెదకుచుండెను.