కండువా మార్చకుండా గెలిచిన రోజులు

గెలిచిన గుర్తు ఒకటి. ఏడాది తిరక్కుండానే మెళ్ళో కండువా ఇంకొకటి. ఇదేమిటయ్యా అని అడిగితే అందరిదీ ఒకటే పాట: ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే అధికార పార్టీలో చేరుతున్నాను.’ ఈ మాట పేపర్లో కనబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అది అబద్ధమని మా ఇల్లెందులో ఓటు వేసిన మా తరానికి తెలుసు. అధికార పక్షంలో ఒక్క రోజు కూడా కూర్చోకుండా మా ఎమ్మెల్యే అయిదుసార్లు గెలిచాడు. ఆయన పేరు గుమ్మడి నర్సయ్య.

కుర్రవాళ్ళకు తెలియదు గనక చెబుతున్నాను. 1983లో రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి. తెలుగుదేశం పుట్టి ఏడాది కూడా నిండలేదు, మహామహా కాంగ్రెస్ వాళ్ళు కొట్టుకుపోయారు. ఇల్లెందులో మాత్రం సీపీఐ (ఎంఎల్) రాజకీయాల నుంచి వచ్చిన కోయ రైతుబిడ్డ గెలిచాడు. 1985లో మళ్ళీ ఎన్టీఆర్ గాలే, మళ్ళీ నర్సయ్యే. 1989లో గాలి తిరిగి కాంగ్రెస్ వచ్చింది, ఇల్లెందు మాత్రం తిరగలేదు. 1994లో ఓడిపోయాడు. ఓడిపోయానని హైదరాబాద్‌లో మకాం పెట్టి పదవి కోసం ఎవరి గుమ్మమూ తొక్కలేదు. 1999లో చంద్రబాబు ప్రభుత్వం మళ్ళీ వచ్చినప్పుడు తిరిగి గెలిచాడు. 2004లో వై.ఎస్. ప్రభుత్వం వచ్చినప్పుడు అయిదోసారి గెలిచాడు. అయిదు సభల్లోనూ ఆయన కూర్చున్నది ప్రతిపక్షం వైపే. అధికారంలో లేకపోతే జనానికి ఏమీ చెయ్యలేమనే పెద్దమనుషులు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఏమీ చెయ్యని మనిషిని జనం అయిదుసార్లు ఎందుకు పంపిస్తారు?

ఇల్లెందు సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట. మేం బొగ్గుట్ట అని పిలుచుకునే ఊరిది. సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది మా దగ్గరే, 1889లో. దేశానికి రైళ్ళు నడిపిన బొగ్గు మాది. చుట్టూ అడవి, ఆ అడవిలో కోయ గూడేలు, లంబాడీ తండాలు. బాయిలో దిగే కార్మికుడికి ఒక బాధ, పోడు చేసుకునే రైతుకు ఇంకో బాధ. ఫారెస్టు వాళ్ళు వచ్చి పంట ధ్వంసం చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? 1970లో వచ్చిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. కాగితం మీద ఉన్న ఆ మాట పొలం గట్టు మీద ఎవరు నిలబెట్టాలి?

ఇక తునికాకు. ఎండాకాలంలో తెల్లవారకముందే ఆడవాళ్ళు, పిల్లలు అడవిలోకి పోయేవాళ్ళు. కోసుకొచ్చిన ఆకును నీడన కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నార పెట్టి కట్టి, పొద్దుగూకేలోపు కల్లంలో అప్పజెప్పాలి. అక్కడ కల్లేదారు కట్టలు లెక్కపెడతాడు. ఆకు చిన్నదన్నా, చిరిగిందన్నా కట్ట పక్కన పడేస్తాడు. రోజంతా వంగి కోసిన నడుముకు దక్కేది పైసల్లోనే. 1971లో ప్రభుత్వం ఆ వ్యాపారాన్ని చట్టం చేసి తన చేతిలోకి తీసుకున్నా, కట్టకు ఎన్ని పైసలన్నది మాత్రం ఏ ఏటికాయేడు కొట్లాడి తెచ్చుకోవాల్సిందే. పది పైసలు పెరిగితే గూడెంలో ఒక కుటుంబానికి వానాకాలం గింజలు వచ్చేవి. ఆ పది పైసల కోసం కల్లం దగ్గర నిలబడేవాళ్ళ నుంచి వచ్చిన ఎమ్మెల్యే ఒక రకం. కల్లం ఎక్కడుందో డ్రైవర్ని అడిగే ఎమ్మెల్యే ఇంకో రకం. మా రోజుల్లో మాకు మొదటి రకం మనిషి దొరికాడు.

సైకిలు మీద తిరిగే ఎమ్మెల్యే అని ఈమధ్య అందరూ ఆయన ఫొటోలు వాట్సాప్‌లో తిప్పుతున్నారు. సంతోషమే. సైకిలు, ఆర్టీసీ బస్సు, ఆటో, రైలు... ఆయన అసెంబ్లీకి పోయినా, తహసీల్దారు ఆఫీసుకు పోయినా అవే. వచ్చిన జీతం పార్టీకి ఇచ్చి, పార్టీ ఇచ్చినదానితో బతికాడు. ఇవాళ్టికీ చిన్న ఇల్లు, కొద్దిపాటి వ్యవసాయం. కానీ నిరాడంబరత ఒక్కటే చూసి మెచ్చుకుని వదిలేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. సైకిలు తొక్కడం గొప్ప కాదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న ముసలమ్మ తన పింఛను ఎందుకు ఆగిందో చెప్పుకోగలగడం గొప్ప. అద్దాలు మూసిన కారుకు ఎదురుగా ఆ ముసలమ్మ ఏం చెప్పుకుంటుంది? ముందొక జీపు, వెనకొక జీపు, ఇటు గన్‌మెన్, అటు గన్‌మెన్. చెయ్యెత్తి మొక్కేలోపే బండి దాటిపోతుంది.

సభలో ఒంటరి ప్రతిపక్ష సభ్యుడు ఏం చెయ్యగలడని అడుగుతారు. చాలా చెయ్యగలడు. చట్టసభ ఏర్పాటే అందుకోసం. సభ్యుడు ఒక ప్రశ్న రాసి, నక్షత్ర గుర్తు పెట్టి నోటీసిస్తాడు. స్పీకరు దాన్ని అలాగే అనుమతిస్తే, ప్రశ్న వంతు వచ్చినప్పుడు సంబంధిత మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పితీరాలి. ఆ జవాబు కోసం సెక్రటేరియట్ నుంచి కలెక్టరుకు, కలెక్టరు నుంచి మండలాఫీసుకు కాగితం పరిగెత్తుతుంది. ఫలానా గూడెంలో ఎంతమందికి పట్టాలిచ్చారు, ఎంతమందివి ఆపారు, ఎందుకు ఆపారు అని అడిగితే, ఏళ్ళ తరబడి అటక మీద పడి ఉన్న ఫైలు దుమ్ము దులుపుకుంటుంది. మంత్రి చెప్పిన జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. పొంతన లేని జవాబయితే అక్కడికక్కడే నిలదియ్యొచ్చు. చెప్పిన ప్రతి మాటా రికార్డులోకి ఎక్కుతుంది. జీరో అవర్ ఉంది, పద్దుల మీద చర్చ ఉంది, కమిటీలున్నాయి. ఇవన్నీ వాడుకోవడానికి మంత్రి పదవి అక్కర్లేదు. రాత్రి కూర్చుని చదివే ఓపిక, జనం దగ్గర నుంచి తెచ్చిన వివరం ఉంటే చాలు.

ఇది ఒక్క ఇల్లెందు ముచ్చటే కాదు. పక్కనే నర్సంపేటలో మద్దికాయల ఓంకార్ 1972 నుంచి 1989 వరకు వరసగా అయిదుసార్లు గెలిచాడు. అసెంబ్లీ టైగర్ అని పేరు. ఆయన లేచాడంటే మంత్రులు కాగితాలు సర్దుకునేవాళ్ళు. సత్తెనపల్లి నుంచి వావిలాల గోపాలకృష్ణయ్య 1952, 1955, 1962, 1967లో నాలుగుసార్లు గెలిచాడు. నాగార్జునసాగర్ కోసం, పాలనలో తెలుగు కోసం ఆయన పడ్డ తపన లోకానికి తెలుసు. గన్నవరం నుంచి 1955, 1962, 1978లలో గెలిచిన సుందరయ్య గారి సంగతి చెప్పనే అక్కర్లేదు. వీళ్ళలో ఎవరూ మంత్రులు కాలేదు.

కమ్యూనిస్టుల గొప్పలే చెబుతున్నానని అనుకోవద్దు. కాంగ్రెస్‌లో పి.వి. నరసింహారావు మంథని నుంచి 1957 మొదలు నాలుగుసార్లు గెలిచాడు; ముఖ్యమంత్రయ్యాక భూసంస్కరణల మీద పట్టుబట్టి ఆ కుర్చీనే పోగొట్టుకున్నాడు. జైపాల్ రెడ్డి కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు గెలిచాడు. ఎమర్జెన్సీ వచ్చినప్పుడు ఆయన పార్టీ వదిలింది అధికారంలో ఉన్న కాంగ్రెస్‌ని. పార్టీ మారడమంటే అధికారం నుంచి బయటికి నడవడం అని కూడా ఒక అర్థం ఉన్న రోజులవి.

ఇప్పుడు అదే ఇల్లెందు కథ వినండి. 2014లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే టీఆర్ఎస్‌లోకి పోయాడు. 2018లో అతన్ని ఓడించమని కాంగ్రెస్ ఇంకొకరిని నిలబెట్టింది. జనం కోపంతో ఆమెను గెలిపించారు. ఆమె కూడా టీఆర్ఎస్‌లోకే పోయింది. 2023 వచ్చేసరికి మొదటాయన తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చి, కాంగ్రెస్ గుర్తు మీదే ఆమెను ఓడించాడు. ఓటరు ఏ గుర్తుకు ఓటేస్తే ఏమిటి? మేం వేసిన ఓటుకు మా ఊరు దాటి హైదరాబాద్ చేరేలోపే రంగు మారిపోతోంది.

చట్టం లేదా అంటే ఉంది. 1985లో రాజ్యాంగాన్ని సవరించి పదో షెడ్యూలు పెట్టారు. మూడో వంతు మంది చీలితే ఫరవాలేదన్న సందును 2003లో మూసేశారు. మూడింట రెండు వంతుల మంది కలిసి వెళ్తే విలీనం అనే దారి మాత్రం మిగిలింది. 2019లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఆ దారినే పోయారు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలో చేరితే, రాజీనామా కూడా లేకుండా వాళ్ళలో నలుగురు మంత్రులయ్యారు. 2023 ఎన్నికల తర్వాత పదిమంది బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) ఎమ్మెల్యేల ఫిరాయింపు ఫిర్యాదులు స్పీకరు దగ్గర నానుతూ ఉంటే, మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఏ పార్టీకి ఆ పార్టీ, పోగొట్టుకున్నప్పుడు ధర్మపన్నాలు చెబుతుంది, చేతికి చిక్కినప్పుడు కండువాలు కప్పుతుంది. ఇందులో పెద్దా చిన్నా తేడా లేదు.

పోనీ, ఉన్న పార్టీలో ఉన్నవాళ్ళయినా సభకు వస్తున్నారా? 2017 చివర్లో వైసీపీ సభను బహిష్కరించి ఎన్నికల దాకా రాలేదు. 2021 నవంబరులో చంద్రబాబు మళ్ళీ ముఖ్యమంత్రిగానే వస్తానని చెప్పి వెళ్ళిపోయారు. 2024 తర్వాత ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామని వైసీపీ మళ్ళీ బయటే ఉంది. ఇటు తెలంగాణలో ప్రతిపక్ష నాయకుడిగా కేసీఆర్ సభలో కనబడింది చాలా అరుదు. ఎవరి కారణాలు వారికి ఉండొచ్చు. అవమానాలు జరగలేదని నేననను. కానీ ఆ కుర్చీ వాళ్ళ సొంతం కాదు. అది వాళ్ళకు ఓటేసిన వాళ్ళది. మైకు ఇవ్వకపోతే ఇచ్చేదాకా అడగాలి. హోదా ఏదీ లేకుండానే మా నర్సయ్య సభకు పోయాడు.

జీతాలు పెరిగాయి. 2016లో తెలంగాణ ఎమ్మెల్యేల జీతభత్యాలు నెలకు 2.5 లక్షలు చేశారు. ఎన్నికల ఖర్చు పరిమితి 40 లక్షలు. ఆ 40 లక్షల్లోనే ఎన్నిక అయిపోతుందని మా ఊళ్ళో నమ్మేవాడు ఒక్కడు లేడు. కోట్లు పోసి గెలిచినవాడు కోట్లు వెనక్కి రాబట్టుకునే దారి చూస్తాడు. ప్రభుత్వం పథకం కింద ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కు కూడా ఎమ్మెల్యే చేతుల మీదుగానే అందాలి, ఫొటో దిగాలి, పెళ్ళి చేసిన తల్లిదండ్రులు గంటల తరబడి కుర్చీల్లో ఎదురుచూడాలి. హక్కుగా రావాల్సింది దయగా మారిపోయింది. చట్టం మీద మాట్లాడాల్సిన మనిషి చెక్కులు పంచే మనిషయ్యాడు.

తప్పంతా వాళ్ళదేనా? మనది లేదా? 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెడితే జనం రోడ్ల మీదికి వచ్చారు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాడు. మా ఓటు దొంగిలిస్తే ఊరుకోమని జనం చెప్పిన రోజులవి. ఇవాళ మన ఎమ్మెల్యే పార్టీ మారితే, కొత్త ఫ్లెక్సీలో మన ఫొటో ఉందో లేదో చూసుకుంటున్నాం. ఓటుకు ఎంతిస్తున్నారని పక్కింటివాణ్ణి అడుగుతున్నాం. 2009లో నర్సయ్య ఓడిపోయాడు, మళ్ళీ గెలవలేదు. గెలిపించనిది మనమే.

ఇప్పుడు ఆయన జీవితం మీద సినిమా తీస్తున్నారు. కన్నడ నటుడు శివ రాజ్‌కుమార్ ఆయన పాత్ర వేస్తున్నాడు. తప్పకుండా చూడండి, పిల్లలకు చూపించండి. కానీ హాల్లో చప్పట్లు కొట్టి బయటికొచ్చి, కోట్లు కుమ్మరించేవాడికే ఓటేస్తే ఆ చప్పట్లు వృథా.

నా కోరిక రెండే. చట్టం చేసేవాళ్ళు ఒక్క వాక్యం రాయాలి: గెలిచిన గుర్తు వదిలినవాడు ఆ రోజే సీటు వదలాలి, ఒక్కడు పోయినా పదిమంది కలిసి పోయినా అంతే. ఇక ఓటు వేసేవాళ్ళకు నేను చెప్పేది: ఈసారి మీ గడపకు వచ్చిన ఎమ్మెల్యేని రోడ్డు గురించి అడిగే ముందు, అయిదేళ్ళలో సభకు ఎన్ని రోజులు పోయావు, మా ఊరి గురించి ఎన్ని ప్రశ్నలు వేశావు, జవాబు ఏం వచ్చింది అని అడగండి. చెప్పగలిగితే ఏ పార్టీవాడైనా సరే ఓటెయ్యండి. నీళ్ళు నమిలితే ఆ గుమ్మంలోంచే తిప్పి పంపండి.